రంగురాళ్ళు చెప్పే పాఠం



జనగామ, మహబూబాబాద్ వైపు ఎటు చూసినా గ్రానైట్ బండలే. భూపాలపల్లి జిల్లా అంచున పారే గోదావరి మాత్రం చారల అఖీఖ్ రాళ్ళను గులకల్లో కలిపి మోసుకొస్తుంది. ఎగువన మహారాష్ట్రలో, సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి లావా రాతి బొరియల్లో నీరు పొరలు పొరలుగా పేర్చిన రాళ్ళవి. వాటిని సరదాగా ఏరుకోవడం తప్పు కాదు. కొండల్లోని తెలుపు, ఎరుపు, కారునలుపు చారలను ఫాతిర్ సూరా (35:27) మనకు గుర్తుచేస్తుంది. ఆ వెంటనే, దైవభీతి కలిగేది జ్ఞానులకేనని చెబుతుంది. అంటే, రాయిని చూసిన కన్ను సృష్టికర్తను తలచుకోవాలి.

కాని మనలో కొందరు ఆ రాయిని ఉంగరంలో పొదిగించుకుని, గండాలు తప్పిస్తుందని నమ్ముతారు. దైవప్రవక్త (సఅసం) వెండి ఉంగరానికి అబిసీనియా రాయి ఉండేదని సహీహ్ ముస్లింలో ఉంది. కనుక ధరించవచ్చు. అయితే అఖీఖ్ మహిమల ఉల్లేఖనాలను హదీసువేత్తలు ప్రామాణికమైనవిగా అంగీకరించలేదు. హజ్రత్ ఉమర్ (రజి) హజ్రె అస్వద్‌ను ముద్దాడుతూనే, అది లాభనష్టాలు కలిగించలేని రాయి అని స్పష్టం చేశారు. మరి ఏటి ఒడ్డున దొరికిన రాయి ఏపాటిది?

కొన్ని రాళ్ళ నుంచైనా నీరు ఉబుకుతుంది, గట్టిపడిన హృదయం అంతకన్నా కఠినమని బఖరా సూరా (2:74) హెచ్చరిస్తుంది. అజాన్ వినపడగానే రాళ్ళ సంచి పక్కనపెట్టి లేద్దాం. అల్లాహ్ మన హృదయాలను మెత్తపరచుగాక! ఆమీన్.