ఎవరి బల్ల వారిది

ఇంగ్లండు ఈశాన్య తీరంలోని రేవు పట్టణం విట్బీ. అక్కడ కొండ అంచున, సముద్రపు గాలికి ఎదురొడ్డి సెయింట్ మేరీ చర్చి ఉంది. ఊళ్లోంచి 199 మెట్లెక్కి పైకి వెళ్లాలి. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాకులా’లో ఈ చర్చి ఆవరణ కనిపిస్తుంది. అందుకే చాలామంది సమాధులు చూడ్డానికే వస్తారు. నన్ను కట్టిపడేసింది మాత్రం లోపలి వడ్రంగం.

రాతికట్టడంలో పాత భాగం 12వ శతాబ్దపు తొలినాళ్లది. గుండ్రటి కమానులు, దళసరి గోడలు నార్మన్ల పద్ధతిలో ఉంటాయి. లోపల అడుగుపెట్టాక మాత్రం కళ్ల నిండా కర్రే. ఓడల వ్యాపారంతో ఊరు పెరిగింది, జనం పెరిగారు, చర్చి చాలలేదు. 17వ శతాబ్దం నుంచి తరతరానికీ ఒక గ్యాలరీ వేశారు, ఒక గోడ జరిపారు, వెలుగు కోసం పైకప్పుకు కిటికీలు పెట్టారు. కింద నేలంతా బాక్స్ ప్యూలు. అంటే చుట్టూ ఎత్తు పలకలు, లోపల బల్లలు, ఒక చిన్న తలుపు ఉన్న చెక్క అరలు. చలిగాలిని ఆపడం ఆ తలుపు చేసే పనుల్లో ఒకటి. పక్కవాణ్ణి ఆపడం రెండోది. ఇంగ్లండులో చాలాచోట్ల ఇలాంటి అరలకు అద్దె ఉండేది. కొన్నిచోట్ల ఇల్లు చేతులు మారితే దానితోపాటు చర్చిలో చోటు కూడా మారేది.

ఆ అరల నడుమ 1778 నాటి మూడంతస్తుల ప్రసంగ వేదిక నిలబడి ఉంటుంది. ఇలాంటి వేదికల్లో కింది అంతస్తు చర్చి గుమస్తాది, మధ్యది ప్రార్థనలు చదవడానికి, పైది ప్రసంగానికి. ప్రొటెస్టెంట్ మతసంస్కరణ తరువాత ఇంగ్లండు ఆరాధనలో చూడటం తగ్గి వినడం పెరిగింది. అందుకే బల్లలన్నీ వేదిక చుట్టూ చేరాయి. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు వీపు పెట్టి కూర్చున్నా ఎవరికీ తప్పనిపించలేదు. 19వ శతాబ్దంలో ఒక రెక్టరు భార్యకు చెవుడు వస్తే, ఆమె కోసం వేదికకు వినికిడి గొట్టాలు అమర్చారు. ఇప్పటికీ అవి అక్కడే ఉన్నాయి. వాటిని చూస్తే ముచ్చటేస్తుంది. ఆ వెంటనే ఓ ప్రశ్న కూడా వస్తుంది. ఓడల రేవులో సుత్తి దెబ్బల మధ్య బతికిన ముసలివాళ్లలో చెవులు మందగించినవాళ్లు ఎందరుండాలి? వాళ్లకు గొట్టాలెవరు పెట్టారు?

అసలు విషయం చర్చి తూర్పు భాగంలో ఉంది. సంస్కరణకు ముందు ఇంగ్లండు పారిష్ చర్చిల్లో, జనం నిలబడే భాగానికీ గురువు ఉండే భాగానికీ మధ్య ఎత్తున, సిలువ మీది క్రీస్తు ప్రతిమ ఉండేది. అటూ ఇటూ మరియమ్మ, యోహాను. 16వ శతాబ్దంలో ప్రభుత్వం వాటిని తీయించేసింది. విట్బీలో సరిగ్గా ఆ స్థానంలో, కమాను ముందు, మెలికలు తిరిగిన తెల్లటి స్తంభాల మీద ఇప్పుడొక గ్యాలరీ ఉంది. అది చొమ్లీ కుటుంబం కూర్చునే చోటు. మూతపడిన విట్బీ మఠం భూములు వాళ్లకే దక్కాయి, పటిక వ్యాపారమూ వాళ్లు చేశారు. 17వ శతాబ్దం చివర కట్టిన ఆ ఆసనం నుంచి వాళ్లు ఊరినంతా చూసేవారు, ఊరంతా వాళ్లను చూసేది. సిలువ ఉండవలసిన ఎత్తులో భూస్వామి!

విగ్రహం తీసేసినంత తేలిగ్గా ఆ చోటును ఖాళీగా ఉంచలేకపోయారన్నమాట. మనిషి కళ్లకు ఎత్తున ఏదో ఒకటి కావాలి. దేవుణ్ణి దించితే దొర ఎక్కుతాడు.

ఇలా హెచ్చుతగ్గులుగా కూర్చోవడం తప్పని ఆ ఊరివాళ్లకు తెలియదని అనుకోలేం. ధనవంతుడికి మంచి చోటు చూపి, పేదవాణ్ణి అక్కడే నిలబడమనడం తప్పని బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం సూటిగా చెబుతుంది. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం ప్రకారం ఏటా చదవవలసిన భాగాల్లో అదీ ఉంది. అదే వేదిక నుంచి చదివారు, అదే అరల్లో కూర్చుని విన్నారు. అయినా తగల్లేదు. వాక్యం చెవికి అప్పుడప్పుడూ వినబడుతుంది. కూర్చునే చోటు ఒంటికి ప్రతి వారమూ పాఠం చెబుతుంది. వాళ్లు ఆ రెండో పాఠాన్నే నేర్చుకున్నారు.

కొన్ని అరల మీద ‘కొత్తవారికి మాత్రమే’ అని రాసి ఉంది. రేవుకు వచ్చే అపరిచితుడికి చోటు అట్టేపెట్టడం మర్యాదే. కానీ తక్కిన చోట్లన్నీ అతనివి కావని చెప్పేదీ ఆ రాతే. నిజమైన దయకు కూడా అప్పటి ఏర్పాటు దాటి ఆలోచించే వీలు లేకపోయింది.

చర్చి కట్టడాల తీరును పట్టించుకునే సంఘంగా 1839లో మొదలైన కేంబ్రిడ్జి కామ్డెన్ సొసైటీవారు ఈ అరలను గట్టిగా వ్యతిరేకించారు. విక్టోరియా కాలంలో దేశమంతటా వీటిని పీకేసి తలుపుల్లేని బెంచీలు వేశారు. విట్బీ చాలావరకు తప్పించుకుంది. పీకించినవాళ్ల పక్షాన న్యాయం ఉంది. కానీ అర పోయినా ముందు వరుస పోలేదు. ఎవరిది ఎక్కడో గుర్తుపెట్టుకునే పని కర్ర నుంచి జనం మనసుల్లోకి మారింది, అంతే.

విట్బీ చర్చి అందంగా ఉందని నేనూ అంటాను. అక్కడి బల్ల మీంచి నన్నిప్పుడు ఎవరూ లేపి పంపరు కనుకే ఆ మాట అనగలుగుతున్నాను. అందాన్ని మెచ్చుకునే తీరిక మనకిచ్చింది కాలం, అక్కడ నిలబడ్డ పేదవాడికి ఇవ్వలేదు.

ఆ ఇంగ్లండు నుంచే 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం వచ్చి ఆంగ్లికన్ తెలుగు మిషన్ ప్రారంభించారు. మన పల్లె చర్చిల్లో బాక్స్ ప్యూలు వేళ్లూనలేదు. ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క చాపల మీద కూర్చున్నారు. చాపకు తలుపుండదు, దాని మీద పేరుండదు. ఆ మాటకు గర్వపడవచ్చా? సభ చర్చిలోదైనా, గుళ్లోదైనా, పెళ్లిపందిట్లోదైనా, ఎవరు ముందుకు రావాలో, ఎవరు గోడవారన సర్దుకోవాలో మనకు చెప్పనక్కర్లేదు. విట్బీవాళ్లు తమ హెచ్చుతగ్గులను కర్రలో బిగించారు కాబట్టి మూడు వందల ఏళ్ల తర్వాతైనా వేలు పెట్టి చూపగలుగుతున్నాం. మనవి చాపతోపాటే చుట్టేసి మూలన పెట్టేస్తాం, మళ్లీ సభ జరిగే దాకా ఎవరూ అడగరు. ఆనవాలు మిగలనంత మాత్రాన అన్యాయం జరగలేదని అనుకోవడానికి లేదు. దాన్ని పట్టుకోవలసింది సభ సాగుతున్నప్పుడే, మనం కూర్చున్న చోటి నుంచే.