సత్రము ఎవరిది?

దూరము నడచివచ్చిన యాత్రికునకు గమ్యస్థానమున కావలసినవి మిక్కిలి స్వల్పము. కాళ్లు కడుగుకొనుటకు నీరు, నడుము వాల్చుటకు ఆరడుగుల నేల, ఒక పూట అన్నము, తెచ్చుకొన్న మూట తెల్లవారువరకు ఉండునను ధైర్యము. ఈ నాలుగింటిని సమకూర్చునదే సత్రము. చెరువు త్రవ్వించుటను, చెట్టు నాటించుటను, సత్రము కట్టించుటను మన పెద్దలు ఒకే వరుసలో చెప్పిరి. కట్టించినవారి పేరు రాతిపలకపై నిలుచును. కాని పదేండ్లు గడచిన పిమ్మట ఆ సత్రము ఎట్లున్నదో చూచినప్పుడే అసలు ప్రశ్న పుట్టును. సత్రము ఎవరిది? కట్టించిన దాతదా? నడుపు ధర్మకర్తలదా? దిగిన యాత్రికునిదా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు సోలాపూరు నేతపేటలు తగిన చోటు. తెలంగాణ జిల్లాలనుండి మగ్గము పని వెదకుకొనుచు వచ్చిన పద్మశాలీలు తరతరములుగ ఆ పట్టణపు తూర్పు భాగమున స్థిరపడియున్నారు. ఇంట తెలుగు, బజారున మరాఠీ. దుప్పట్లు, తువాళ్లు నేయుట మగవారి పని. ఆడవారు అనేకులు బీడీలు చుట్టి సంసారమును నెట్టుకొని వచ్చుచున్నారు. అది ధనికుల పేట కాదు.

అట్టి పేటకు ఏటేట ఆషాఢ ఏకాదశికి కొన్ని దినముల ముందు విదర్భలోని శేగాంనుండి గజానన మహారాజు పల్లకి వచ్చును. సుమారు 700 మంది వార్కరీలు తెల్లని దుస్తులతో, వరుస తప్పక, నెల దినములకు పైగా నడచుచు పండరీపురమునకు పోవు మార్గమిది. ఆ నడక 700 కిలోమీటర్లకు తక్కువ కాదు. సోలాపూరు చేరునప్పటికి యాత్ర చాలభాగము ముగిసి, కాళ్ల బలము తరిగియుండును. పట్టణములో వారు చేయు మజిలీలలో ఒకటి పద్మశాలి విద్యాసంస్థవారి కుచన్ పాఠశాల. వచ్చువారు మరాఠీ భక్తులు, ఎదురేగువారు తెలుగు నేతగాండ్రు. భాష వేరైనను మంచినీటి చెంబు అందించుటకు భాషతో పనిలేదు.

అవి పాఠశాలలు తెరచియున్న దినములు. పగలు పిల్లలు కూర్చుండవలసిన చోటనే రాత్రి యాత్రికులు పరుందురు. వారు వెడలిన పిమ్మట మరల పలకలు, పుస్తకములు ఆ చోటికి రావలెను. ఇట్టి బసలో యాత్రికునకు ఒక సత్యము సులభముగ తెలియును. ఆ గది నిన్న ఆయనది కాదు, రేపు ఆయనది కాదు. నడుమనున్న ఒక్క రాత్రికే ఆయనకు అప్పగింపబడినది. శాశ్వతముగ కట్టిన సత్రమునందును సంగతి ఇంతియే. కాని అచ్చట తలుపునకు గడియ, చేతికి తాళము ఇచ్చుటచేత, ‘ఇది నా గది’ యను భ్రమ కలుగును.

పల్లకి సోలాపూరు విడచి, తిర్హే, మాచనూరు, మంగళవేఢ మీదుగ పండరీపురము చేరును. అచ్చట శేగాం సంస్థానమువారి భక్తనివాసము కలదు. తక్కువ రుసుము, శుభ్రమైన గదులు, స్వచ్ఛందముగ వచ్చి సేవచేయు భక్తులు. ఈ ఏర్పాటు దేశమునకే ఆదర్శమని పేరుపడినది. ఆ సంస్థానమును చిరకాలము నడపిన శివశంకరభావు పాటిల్ 2021 ఆగస్టు 4న కీర్తిశేషులైరి. సంస్థానపు నీటిచుక్కయైనను ఆయన తన కొరకు పుచ్చుకొనెడివారు కారని జనులు ఈనాటికిని చెప్పుకొందురు. పెద్ద సొమ్ములు చేతిమీదుగ పోవుచుండగా తన దాహమునకు తన ఇంటి నీరే త్రాగుట చిన్న సంగతివలె కనబడును. కాని చెంబెడు నీటికి లెక్క ఉంచుకొన్నవానికి వేల రూపాయల పద్దులో తప్పుచేయుట సాధ్యము కాదు. యజమాని ఇట్లుండగా ఊడ్చువాడు మూలలను విడిచి ఊడ్వడు. సత్రపు శుభ్రతకు మొదటి కారణము చీపురు కాదు, పెద్దల నడవడి.

అయినను సగము భారము దిగినవానిపైననే ఉన్నది. ఇచ్చట రెండు వాదములు వినబడుచుండును. మొదటిది: ‘రుసుము చెల్లించితిని, నా ఇష్టము వచ్చినట్లు ఉండెదను.’ వ్యాపారము తెలిసినవారు ఈ లెక్కను కొంచెము వివరముగ చూడవలెను. సత్రమువారు పుచ్చుకొను స్వల్పపు సొమ్ము దీపమునకు, నీటికి సరిపోవచ్చును. కట్టడమునకు వెచ్చించినది దాత సొమ్ము. ఊడ్చి తుడిచినది సేవకుని శ్రమ. ఈ రెంటికిని యాత్రికుడు వెల చెల్లింపలేదు. చెల్లింపని సరుకును ‘కొంటిని’ అనుట ఏ చిట్టాలోనికి ఎక్కును? అది అతని ఖాతాలో ఋణముగనే నిలిచియుండును.

రెండవ వాదము: ‘ముందు వచ్చినవానిది ముందు చోటు.’ అంగడిలో ఇది న్యాయమే. సత్రమున మాత్రము చాలదు. ముందు చేరువాడెవడు? కాళ్లలో బలమున్నవాడు. చివర చేరువారెవరు? ముసలివారు, పాదములు బొబ్బలెక్కినవారు, చంటిబిడ్డ తల్లులు. గాలి వచ్చు చోటు, నీటికి దగ్గరి చోటు ఎవరికి ఎక్కువ అవసరమో, వారు వచ్చువేళకు అది నిండియుండును. కనుక ముందు చేరినవాడు మంచి చోటును ఆక్రమించుట కాదు, దానిని కాచియుండుట ధర్మము.

ఈ విషయమున జైన శాస్త్రము చూపు సూక్ష్మము గమనింపదగినది. తత్త్వార్థసూత్రమున ఏడవ అధ్యాయములో, దిగంబర పాఠమునుబట్టి, అచౌర్యవ్రతమును నిలుపుకొనుటకు ఐదు భావనలు చెప్పబడినవి. ఒకటి భిక్షాశుద్ధిని గూర్చినది. తక్కినవానిలో గుహలవంటి శూన్యస్థలములందు వసించుట, యజమానులు విడిచిపోయిన ఇండ్లలో వసించుట, ఇతరులకు అడ్డు చెప్పకుండుట, ‘నాది, నీది’ యని తోటి ధర్మానుయాయులతో తగవు పడకుండుట అనునవి వచ్చును. ఇవి మునులకు చెప్పిన నియమములే యగుగాక. కాని బసకు సంబంధించిన మర్యాదను మర్యాదల పద్దున వ్రాయక, దొంగతనమును విడుచు వ్రతము క్రింద వ్రాయుటలో గొప్ప అర్థమున్నది. అవసరమునకు మించిన చోటును అడ్డగించినవాడు, వెనుక వచ్చువాని నిద్రను దొంగిలించినవాడు. అతనిని పట్టుకొను పోలీసు లేడు. అందుచేతనే వ్రతము కావలసివచ్చినది.

దాత పక్షమునను విడుపు ఉండవలెను. ఇందుకు నిదర్శనము సోలాపూరులోనే కలదు. ఆ పట్టణమునకు చెందిన బ్రహ్మచారి జీవరాజ గౌతమచంద్ దోషీ 1941లో 30,000 రూపాయలతో జైన సంస్కృతి సంరక్షక సంఘమును నెలకొల్పి, 1944లో సుమారు రెండు లక్షల రూపాయల విలువగల తన ఆస్తినంతటిని ధర్మనిధిగ వ్రాసి ఇచ్చిరి. ఆయన దానము గ్రంథప్రకటనకు ఉపయోగపడినది. వస్తువు సత్రమైననేమి, గ్రంథమైననేమి? ఇచ్చిన పిమ్మట ‘నాది’ యను మాట మిగిలినచో అది దానము కాదు, పేరు కొనుట. తాను కట్టించిన సత్రమున తనకొక గదిని ఎల్లప్పుడును తాళము వేయించి ఉంచుకొను దాత, ఇచ్చిన ధర్మమునుండి ప్రతి రాత్రి కొంత వెనుకకు తీసుకొనుచున్నాడు.

కావున సత్రము దాతది కాదు, ధర్మకర్తలది కాదు, దిగినవానిది కాదు. అది రేపు రాబోవువానిది. నేడున్నవారందరును దానిని వానికొరకు కాచువారు. గదిని విడుచునప్పుడు దీపమార్పి, నీటి కుళాయి కట్టి, చాప మడిచి, చెత్త ఎత్తివేయుట సత్రమువారికి చేయు ఉపకారము కాదు. అప్పగింపబడిన సొమ్మును తిరిగి అప్పగించుట.

సోలాపూరు నేతగాడు మగ్గముపై దుప్పటి నేయునప్పుడు దానిని కప్పుకొనువాడెవడో ఎరుగడు. వాని ఊరు తెలియదు, కులము తెలియదు, భాష తెలియదు. అయినను పోగు తెగినచోట ఆగి ముడివేసి, తరువాత ముందుకు సాగును. ముఖమెరుగని మనిషికి చలి తగులరాదు. నడక ముగించి ఒక రాత్రి నిద్రించిన యాత్రికుడు తెల్లవారి చాప మడుచునప్పుడు చేయవలసిన పనియు అదియే.