తెలిసినవాని మౌనం

క్రిందటి సంవత్సరం మెల్బోర్నులో ఒక మిత్రుని ఇంట బారసాల. పెద్దాయన ఒకరు ఆప్యాయంగా బిడ్డను ఎత్తుకొని బుగ్గ మీద ముద్దు పెట్టారు. ఆయన పై పెదవి మీద జ్వరప్పొక్కు ఉన్నది. అది హెర్పిస్. పెద్దవారికి నాలుగు రోజుల చిరాకు, అంతే. నెల నిండని శిశువుకు ప్రాణం మీదికి రావచ్చు. వైద్యులమై ఉండి కూడా మేము నోరు మెదపలేదు. నలుగురిలో ఆయన చిన్నబుచ్చుకుంటారేమోనని వెనుకాడాము. బిడ్డకు ఏమీ కాలేదు. మాకు మాత్రం మూడు వారాలు సరిగా నిద్ర పట్టలేదు.

ఆ రోజులలోనే అబలోన్ల గురించి చదివాము. (శాకాహారులు క్షమించాలి.) చెవి ఆకారపు గుల్లలో ఉండి, కండ పాదంతో రాతిని అంటిపెట్టుకొని బ్రతికే నత్త జాతి జీవి ఇది. 2005 డిసెంబరులో, మేముండే ఈ విక్టోరియా రాష్ట్రపు పశ్చిమ తీరాన, పెంపక కేంద్రాలలో అబలోన్లు పట్టు వదలి చనిపోసాగాయి. నోరు వాచి బయటకు వచ్చేది, పాదం అంచులు ముడుచుకొనేవి. నాడీ కణుపులను పాడుచేసిన ఆ వైరస్ హెర్పిస్ తెగదే. మన హెర్పిస్ నిద్రపోయేదీ నాడీ కణుపులలోనే! చుట్టరికం బహుదూరం, అది మనుషులకు సోకదు. ఆ కేంద్రాలు సముద్రపు నీరు తోడుకొని, వాడిన నీటిని తిరిగి సముద్రంలోకే వదిలేవి. 2006లో పోర్ట్ ఫెయిరీ దగ్గర సముద్రంలో సహజంగా పెరిగే అబలోన్లకూ ఆ జబ్బు కనిపించింది.

పేరైనా తెలియని జబ్బు విషయంలో తొలి రోజుల తప్పు ఎవరి మీద వేయగలం? అజ్ఞానాన్ని నేరమంటే వైద్యులలో ఒక్కరమూ మిగలము. కాని తెలిసిన క్షణం నుండి లెక్క మారుతుంది.

ఆల్చిప్పల కథలో ఈ చిక్కు ఇంకా గట్టిది. పసిఫిక్ ఆల్చిప్పలను చంపే మరొక హెర్పిస్ వైరస్ 2010లో సిడ్నీ దగ్గర జార్జెస్ నదిలోనూ, 2013లో హాక్స్‌బరీ నదిలోనూ, 2016లో టాస్మేనియాలోనూ బయటపడింది. కొద్ది రోజులలోనే బుట్టలకు బుట్టలు ఖాళీ గుల్లలయ్యాయి. వెంటనే సౌత్ ఆస్ట్రేలియా టాస్మేనియా నుండి పిల్ల ఆల్చిప్పల దిగుమతి ఆపివేసింది. అది సరైన పనే. కాని రైతు వైపు నుండి చూడండి. తన బుట్టలో నాలుగు చచ్చిన చిప్పలు చూసి ప్రభుత్వానికి కబురు చేసినవాని సరుకు ఆగిపోతుంది. గుట్టుగా అమ్ముకున్నవాడు ఆ వారం లాభపడతాడు. నిజం చెప్పినవాడే ముందు నష్టపోయే ఏర్పాటులో అందరూ హరిశ్చంద్రులు కావాలనటం న్యాయమేనా? ఆ నష్టంలో పొరుగువాడు, ప్రభుత్వం, తినేవాడు తలా కొంత భరించాలని మా అభిప్రాయం. భరించినా చెప్పనివాడు ఉండవచ్చు. అప్పుడు వానిని నిందించే హక్కు మనకు వస్తుంది.

ఇంతవరకు వ్రాసి మా సంగతికి వస్తే, మాట పెగలటం లేదు. ఆ రైతుకు పోయేది జీవనాధారం. బారసాల నాడు మాకు పోయేదేమిటి? ఒక నిమిషం మొహమాటం.

వచ్చే నెల మరొక ఇంట బారసాల ఉన్నది. మొన్న ఆదివారం ఆ పెద్దాయనకు ఫోను చేసి అంతా చెప్పాము. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజే చెవిలో ఒక మాట వేయలేకపోయారా, డాక్టరు గారూ?" అన్నారు.