తీసికొనినది దాసోహమగునా?

కుకునూరుపల్లి సిద్దిపేట జిల్లాలో రాజీవ్ రహదారి మీది ఊరు. 2016 జూలై 24వ తేదీన మల్లన్నసాగర్ ముంపు గ్రామముల ప్రజలు ఆ రహదారిని దిగ్బంధించుటకు బయలుదేరిరి. పోలీసులు లాఠీలతో వారిని చెదరగొట్టిరి, పలువురు గాయపడిరి. 2022 ఫిబ్రవరి 23న జలాశయమునకు ప్రారంభోత్సవము జరిగినది. ఊళ్ళు మునిగినవి గాని, ఆనాడు రహదారి మీదికి వచ్చిన ప్రశ్న మునుగలేదు. పదిమంది మేలు కొరకు ఒకని సర్వస్వమును తీసికొని, దానికి త్యాగమని పేరు పెట్టవచ్చునా?

కాయకముచే ఆర్జించినదానిని జంగమమునకు, సమాజమునకు సమర్పించుట దాసోహము. ఇచ్చితినను అహంకారమును కూడ బసవేశ్వరుడు అందు సహింపలేదు. ఇచ్చువాని మనస్సు లేనిచోట దాసోహమే లేదు. ఒకని ఆకలిని మరియొకడు భుజించి తీర్చజాలనట్లే, ఒకని దాసోహమును మరియొకడు చేయజాలడు, రాజ్యమును చేయజాలదు.

కరువు సీమకు గోదావరి నీరు రావలెనను కోరిక అధర్మము కాదు. బోరు వెనుక బోరు వేసి అప్పులపాలైన రైతులు ఈ ప్రాంతమున ఎందరో కలరు. నీరు వద్దని ముంపు గ్రామములవారును అనలేదు. పూర్వపు ప్రాణహిత-చేవెళ్ళ రూపకల్పనలో 1.5 టి.ఎం.సి.లుగా తలపెట్టిన జలాశయము 50 టి.ఎం.సి.లు ఎందుకైనది? 2013 భూసేకరణ చట్టమును ఏల పాటింపరు? అని మాత్రమే వారడిగిరి. వేములఘాట్ ప్రజలు 2016 జూన్‌లో రిలే నిరాహారదీక్ష ప్రారంభించి, నెలల తరబడి సాగించిరి.

అంతకుముందే, 2015 జూలైలో, జి.ఓ. 123 వెలువడినది. ఇష్టపూర్వకముగా అమ్మువారి భూమిని ప్రభుత్వము నేరుగా కొనవచ్చునని దాని తాత్పర్యము. ఇష్టమన్న మాట వినుటకు ఇంపుగానే ఉన్నది! ఊరెట్లును మునుగునని తెలిసినవాడు పెట్టిన సంతకము ఇష్టమా, గత్యంతరము లేకపోవుటయా? ధర్మవిచారము చేయువారు కాగితమును గాక, ఆ చేతిని చూడవలెను.

సంతకము చేయుటకైనను పట్టా లేనివాని మాట యేమి? శరణులలో ఆయ్దక్కి మారయ్యకు సెంటు భూమి లేదు. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుటయే ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందులకు భార్య లక్కమ్మ మందలించి, ఆ గింజలను మరల పంపించెను. ఈ కథను మనవారు నిరాశకు నిదర్శనముగా చెప్పుకొందురు. అందు మరియొక విషయము కలదు. ఆ ముంగిలి పరులది. కాని మారయ్య కాయకము, దాసోహము ఆ ముంగిలి పైననే నిలిచినవి. ఆ ముంగిలిని ఎవరైన కొనినచో ధర అంతయు యజమానికే చెందును. మారయ్య పేరు ఏ లెక్కలోను ఉండదు.

కూలీలు, కౌలుదారులు, చాకలి, మంగలి, కుమ్మరి, అందరును మారయ్యవంటివారే. ఊరున్నంతవరకే వారికి వృత్తి. వ్యవసాయ కూలీలు వేసిన పిటిషన్ పైననే 2016 ఆగస్టు 3న హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనము జి.ఓ. 123ను కొట్టివేసినది. వివాదము అప్పీలుకు పోయినది గాని, భూమి లేనివాడును నష్టపోవునను సత్యము న్యాయస్థానమున పలుకబడినది. 2013 చట్టము అట్టివారిని కూడ బాధిత కుటుంబములుగా గుర్తించుచున్నది.

జలాశయమునకు కొమురవెల్లి మల్లన్న పేరు పెట్టిరి. ఆ క్షేత్రమున వీరశైవ అర్చకులు మల్లికార్జునుని సేవించుచున్నారు. దేవుని పేరు పెట్టినంతమాత్రాన నీరు దేవునికి సమర్పితము కాదు. కాయకము వలన రాని అన్నమును లింగమునకు నివేదింపరాదని శరణుల నియమము. నీటి విషయమున ఆ నియమము వేరగునా? ఊళ్ళు విడిచినవారిలో అనేకులు నేడు గజ్వేలు చెంత ముట్రాజ్‌పల్లి కాలనీలో ఉన్నారు. కాలువ నీటితో మడి తడుపుకొను భక్తుడు, దానితోనే ఇష్టలింగమునకు అభిషేకము చేయు గృహస్థుడు, ఆ కాలనీ గడప తొక్కి, వారికి రావలసినది వచ్చినదా అని ఒక్కసారియైన అడిగినాడా?