పాత్ర చేసిన పాపం నటుడికి అంటుతుందా?

వంటింట్లో గిన్నెనూ పాత్ర అంటాం, రంగస్థలం మీద వేషాన్నీ పాత్ర అంటాం. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఎందుకు ఇమిడాయో వెయ్యేళ్ల కిందట కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు చెప్పాడు. రసం నటుడిలో ఉండదు, ప్రేక్షకుడు దాన్ని ఆస్వాదించడానికి నటుడు ఒక ఉపాయం, అందుకే అతణ్ని పాత్ర అన్నారని నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యానంలో ఆయన వివరించాడు. మద్యం రుచి తాగేవాడికి తెలుస్తుంది గానీ గిన్నెకు తెలియదు కదా! నటుడికి ఇంతకు మించిన అభయం లేదు. దుర్యోధనుడి వేషం కట్టినవాడికి దుర్యోధనుడి పాపం అంటదు. గ్రీకు తత్వవేత్త ప్లేటో మాత్రం ఈ అభయం ఇవ్వలేదు. అనుకరణ అలవాటై, అలవాటు స్వభావమైపోతుంది కాబట్టి నీచుల్ని అనుకరించడం రాజ్యాన్ని కాపాడేవాళ్లకు తగదని 'రిపబ్లిక్'లో వాదించాడు. ఒకరు నటుణ్ని పూర్తిగా విడిచిపెట్టారు, మరొకరు ముందే దోషిగా నిలబెట్టారు. అమెరికన్ నటుడు, గాయకుడు పాల్ రోబ్సన్ జీవితాన్ని దగ్గరగా చూస్తే, ఇద్దరూ వెతకాల్సిన చోట వెతకలేదనిపిస్తుంది. పాత్ర మంచిదా చెడ్డదా అన్న దానితో నటుడి బాధ్యత తేలదు. ఆ పాత్రలో పోసి జనానికి ఏం తాగిస్తున్నారన్న దానితో తేలుతుంది.

రోబ్సన్ 1898లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి నార్త్ కరొలినాలో బానిసగా పుట్టి, పదిహేనేళ్ల వయసులో తప్పించుకుని, చదువుకుని పాదిరి అయినవాడు. కొడుకు రట్గర్స్ కళాశాలలో చదువులోనూ ఫుట్‌బాల్‌లోనూ మొదటి వరసలో నిలిచి, 1923లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు. నల్లవాడు చెబితే రాసుకోనని ఒక స్టెనోగ్రాఫర్ మొండికేయడంతో న్యాయవాద వృత్తి వదిలేశాడు. ఆ తర్వాత యూజీన్ ఓనీల్ నాటకాలతో రంగస్థలం మీద నిలదొక్కుకున్నాడు. 1925లో నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో తీసిన 'బాడీ అండ్ సోల్' అనే మూకీ చిత్రంలో రెండు వేషాలు కట్టాడు. వాటిలో ఒకటి పాదిరి ముసుగులో ఊరిని దోచుకునే దొంగది. బానిసత్వం నుంచి బయటపడి దేవుడి సేవకు అంకితమైన పాదిరి కొడుకు దొంగ పాదిరిగా నటించాడన్నమాట. పదేళ్ల తర్వాత, 1935లో, 'సాండర్స్ ఆఫ్ ద రివర్' అనే బ్రిటిష్ చిత్రంలో బొసాంబో అనే ఆఫ్రికన్ నాయకుడిగా వేశాడు. బొసాంబో మంచివాడు. ధైర్యవంతుడు, భార్యాబిడ్డల మీద ప్రాణం పెట్టుకున్నవాడు, తెల్ల అధికారికి ఇచ్చిన మాటకు కట్టుబడినవాడు.

ఈ రెంటిలో రోబ్సన్ తర్వాత సిగ్గుపడి బహిరంగంగా కాదనుకున్నది దుర్మార్గుడి పాత్రను కాదు, ఈ మంచివాడి పాత్రనే. ఎందుకంటే దొంగ పాదిరిని చూసిన ప్రేక్షకుడు మోసాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటాడు. బొసాంబోను చూసినవాడు మాత్రం, పిడికెడుమంది తెల్ల అధికారులు లేకపోతే ఆఫ్రికా తన్నుకు చస్తుందనీ, మంచి నల్లవాడంటే దొర మాట జవదాటనివాడనీ నమ్మి ఇంటికెళతాడు. అందుకే దుర్మార్గుడి వేషంలో దోషం లేకపోవచ్చు, సజ్జనుడి వేషంలో ఉండవచ్చు. ప్లేటో వాదం ఇక్కడే తేలిపోతుంది. 1961లో 'సీతారామ కల్యాణం' సినిమాలో ఎన్.టి. రామారావు రావణుడిగా వేస్తే తెలుగు ప్రేక్షకుడు దుర్మార్గం నేర్చుకోలేదు. అంత విద్వత్తునూ అంత భక్తినీ ఒక్క అహంకారం ఎలా మింగేస్తుందో కళ్లారా చూశాడు. గిన్నె ఎంత నల్లగా మసిపట్టి ఉన్నా లోపల ఉన్నది పాలే. వెండి గిన్నెలో పోసినంత మాత్రాన విషం పాయసం కాదు.

దీనికి మొదటి అభ్యంతరం, నటుడికి అంతా ముందే ఎలా తెలుస్తుందని. నిజమే. రోబ్సన్ ఆ చిత్రానికి ఒప్పుకున్నది ఆఫ్రికా మీద ప్రేమతో. లండన్‌లో ఉంటూ ఆఫ్రికన్ భాషలు చదువుకున్నాడు. ఆఫ్రికాలోనే చిత్రీకరించిన నృత్యాలు, పాటలు, పడవలు చూసి, తన పూర్వీకుల సంస్కృతికి తెర మీద గౌరవం దక్కుతుందని నమ్మాడు. కూర్పు పూర్తయ్యాక అదంతా సామ్రాజ్య కీర్తనకు అలంకారంగా మిగిలింది. తెలియక చేసినదానికి మన ధర్మశాస్త్రాలు కూడా పూర్తి శిక్ష వేయవు, ప్రాయశ్చిత్తం చెబుతాయి. కానీ ప్రాయశ్చిత్తం చెప్పడంలోనే బాధ్యత ఉందన్న ఒప్పుకోలు ఉంది. గిన్నెకు ప్రాయశ్చిత్తం అక్కర్లేదు, తోమితే చాలు. మనిషికి కావాలి. భగవద్గీతలో కృష్ణుడు అర్జునుణ్ని నిమిత్తమాత్రుడిగా ఉండమంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, చేయించేవాడు వేరు, నేను పనిముట్టునని తప్పించుకునేవాళ్లున్నారు. అదే కృష్ణుడు పద్దెనిమిదో అధ్యాయం చివర, చెప్పిందంతా బాగా ఆలోచించి నీకెలా తోస్తే అలా చేయమని అర్జునుడికే వదిలేస్తాడు. నిమిత్తం కావాలా వద్దా అన్నది నిమిత్తమయ్యేవాడే తేల్చుకోవాలి. నటుడు వేదిక మీద పాత్ర కావచ్చు, ఒప్పుకునే క్షణంలో మాత్రం కర్త.

రోబ్సన్ ప్రాయశ్చిత్తం ఎలా చేసుకున్నాడో ఒక పాటలో కనిపిస్తుంది. 'షో బోట్' అనే సంగీత నాటకంలో మిసిసిపి నది ఒడ్డున బరువులు మోసే నల్ల కూలీ పాడే పాట అతనికి ప్రపంచఖ్యాతి తెచ్చింది. 1928లో లండన్ వేదిక మీద పాడాడు, 1936లో సినిమాలోనూ పాడాడు. ఆ సాహిత్యంలో నల్లవాళ్లను కించపరిచే పదముండేది. బతుకు మీద విసుగు, చావంటే భయం, చేసేదేమీ లేదన్న నిట్టూర్పు ఉండేవి. తర్వాతి కచేరీల్లో రోబ్సన్ ఆ పదాన్ని తీసేశాడు, నిట్టూర్పు ఉన్నచోట చివరిదాకా పోరాడతానన్న మాట పెట్టాడు. స్వరం అదే, నది అదే, గట్టు మీద మనిషి మారాడు. పాట రాసిన ఆస్కార్ హామర్‌స్టైన్‌కు ఈ మార్పు నచ్చలేదు. రచయిత మాటను మార్చే హక్కు గాయకుడికి ఎక్కడిదని అడిగితే కొట్టిపారేయలేం. నాటకంలో కూలీ వేషం కట్టినప్పుడు రచయిత మాటే చెల్లాలి. కచేరీలో వేషం లేదు, నిలబడింది రోబ్సన్. తన పేరుతో, తన గొంతుతో, తన జాతి గురించి పాడేటప్పుడు ఆ మాటకు పూచీ తనదే అవుతుంది.

1943 అక్టోబర్‌లో అతను న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఒథెల్లోగా వేదికెక్కాడు. నాటకం 296 ప్రదర్శనలు ఆడింది, అక్కడ షేక్‌స్పియర్ నాటకం ఏదీ అప్పటిదాకా అంతకాలం ఆడలేదు. ఒథెల్లో చేసే పని ఘోరం, నిరపరాధి అయిన భార్యను ఊపిరాడకుండా చేసి చంపుతాడు. నల్లవాళ్లు కోపిష్టులన్న దురభిప్రాయాన్ని ఈ పాత్ర బలపరచదా అన్న శంక సహజం. రోబ్సన్ ఆ హత్యను ఒక జాతి స్వభావంగా చూపలేదు. పరాయి సమాజంలో ఒంటరిగా గౌరవంతో బతుకుతున్న మనిషిని నమ్మకద్రోహం ఎలా కూల్చేస్తుందో చూపాడు. ఆ నాటకంతో దేశమంతా తిరిగినప్పుడు, నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే నాటకశాలల్లో ఆడనన్నాడు. భోజనాల దగ్గర కొందరికి ఒక రకంగా, కొందరికి ఒక రకంగా వడ్డించడాన్ని మనం పంక్తిభేదం అంటాం, పాపమంటాం. వడ్డించేవాడికి వంటతోనే పని తీరదు, పంక్తినీ చూసుకోవాలి. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో కూడా నటుడి లెక్కలోకి వస్తుందని రోబ్సన్ చేసి చూపించాడు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. కాదనగలగడం కడుపు నిండినవాడి సౌకర్యం కదా? 'గాన్ విత్ ద విండ్'లో దాసి వేషం వేసిన హ్యాటీ మెక్‌డానియల్ 1940లో ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి అయింది. ఆ రాత్రి కూడా ఆమెను విడిగా ఒక బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. ఆమెకు దొరికినవి దాదాపు అన్నీ పనిమనిషి వేషాలే. 1942లో 'టేల్స్ ఆఫ్ మాన్‌హటన్' తర్వాత హాలీవుడ్‌కు దండం పెట్టేయగలిగిన రోబ్సన్‌కు కచేరీల ఆదాయముంది, ఆమెకు లేదు. అందుకే బాధ్యతను దారుల లెక్కన కొలవాలి. ఒక్క దారే మిగిలినవాళ్లను తప్పుపట్టే ముందు ఆ మిగతా దారులు మూసినవాళ్లను అడగాలి. నాలుగు దారులున్న పెద్ద తారకు మాత్రం ఆ మినహాయింపు దొరకదు. రోబ్సన్ తనకున్న దారులకు తగ్గ మూల్యమే చెల్లించాడు. అతని రాజకీయాలు నచ్చని ప్రభుత్వం 1950లో పాస్‌పోర్టు లాక్కుంది. 1952లో కెనడా సరిహద్దు దాటనివ్వకపోతే, సరిహద్దు దగ్గరే ఒక లారీ ఎక్కి, అవతలి వేలమందికి వినిపించేలా పాడాడు. 1958లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే మళ్లీ విదేశానికి వెళ్లగలిగాడు.

మూడో అభ్యంతరం రోబ్సన్ జీవితంలోంచే వస్తుంది, దాన్ని దాటేయడం అన్యాయం. 1949లో మాస్కోలో అతను తన మిత్రుడు, యూదు కవి ఇట్జిక్ ఫెఫర్‌ను కలిశాడు. ఫెఫర్ అప్పటికే స్టాలిన్ ప్రభుత్వపు ఖైదీ. అక్కడి కచేరీలో రోబ్సన్ వార్సా యూదుల తిరుగుబాటు పాటను యిడ్డిష్ భాషలో పాడాడు, అది ధైర్యమే. కానీ అమెరికాకు తిరిగొచ్చాక, సోవియట్ దేశంలో యూదులకు ఏ అన్యాయమూ జరగడం లేదన్నాడు. ఫెఫర్‌ను 1952లో కాల్చి చంపారు. అయినా మరుసటి ఏడు స్టాలిన్ చనిపోతే రోబ్సన్ కీర్తిస్తూ రాశాడు. తన దేశంలోని శత్రువుల చేతికి ఆయుధమివ్వకూడదని అనుకుని ఉండవచ్చు. కానీ అతని కొలతతోనే అతణ్ని కొలిస్తే ఇది దోషమే. బొసాంబోను చూసినవాడు అబద్ధం తాగినట్టే, ఆ మాటలు విన్నవాడూ అబద్ధమే తాగాడు. ఈసారి వేషం అడ్డం లేదు, మాట సొంతం. ఇలా తప్పటడుగు వేసినవాడి సూత్రాన్ని ఎందుకు నమ్మాలంటే, అతని తప్పును మనం గుర్తుపట్టగలిగింది ఆ సూత్రంతోనే. త్రాసు తెచ్చినవాడు తూకంలో తేలిపోయినా త్రాసు అబద్ధం కాదు.

అభినవగుప్తుడు రసం గురించి చెప్పింది సత్యం, గిన్నెకు రుచి తెలియదు. అయితే గిన్నె కావడానికి ఒప్పుకునేది మనిషి, ఆ మనిషికి మంచిచెడ్డలు తెలుసు. అందుకే ఒక నటుడు ఎంత దుర్మార్గుడి వేషం వేశాడన్నది మనం లెక్కించవద్దు. అతను పోసింది తాగాక, పక్కనున్న మనిషి మన కంటికి ఇంకాస్త మనిషిగా కనిపించాడా, ఇంకాస్త తక్కువవాడిగా కనిపించాడా అని అడుగుదాం. నటుడి పుణ్యపాపాలు అక్కడే తేలతాయి. చప్పట్లు కొట్టే మన పుణ్యపాపాలు కూడా అక్కడే తేలతాయి.