శ్రుతి తప్పని దుఃఖం

ఇంట్లో ఏడవలేని మనిషి సినిమా హాల్లో ఏడుస్తాడు. తండ్రి పోయినప్పుడు పదిమందికీ ధైర్యం చెప్పి, పన్నెండు రోజుల కార్యక్రమమూ దగ్గరుండి నడిపించి, ఒక్కసారైనా కన్ను తడవనివ్వని పెద్దకొడుకు, ఏడాది తిరిగాక ఏ సినిమాలోనో ముసలి తండ్రి చెప్పులు వెతుక్కునే చిన్న దృశ్యం చూసి రుమాలు తీస్తాడు. పక్కవాళ్లు సినిమాకే ఇంత ఏడుపా అనుకుంటారు. ఆ ఏడుపు సినిమాది కాదు. ఎప్పుడో రావలసింది, దారి దొరక్క లోపల ఆగిపోయింది. సినిమా దానికి దారి ఇచ్చింది, అంతే.

1963లో ‘లవకుశ’ విడుదలైనప్పుడు ఊళ్ల నుంచి జనం బళ్లు కట్టుకుని వెళ్లి చూశారని మన పెద్దవాళ్లు చెబుతారు. సి. పుల్లయ్య మొదలుపెట్టగా ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేసిన ఆ చిత్రం తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల సినిమా. రంగుల కోసం వెళ్లినవాళ్లున్నారు, రాముడిగా ఎన్.టి. రామారావును చూడాలని వెళ్లినవాళ్లున్నారు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆడవాళ్లు తలుచుకున్నది అంజలీదేవి సీతను. చేయని తప్పుకు మాట పడి, ఎవరికీ చెప్పుకోలేక కాపురాలు నెట్టుకొచ్చిన ఎందరో ఆ చీకట్లో నోరు తెరవకుండానే తమ కథ చెప్పుకుని ఉంటారు. పక్కన అత్తగారే కూర్చున్నా భయం లేదు. కన్నీళ్లు సీత కోసం కదా. బహుశా ఆ అత్తగారూ కోడలిగా ఉన్న రోజులు తలుచుకునే కళ్లొత్తుకుని ఉంటుంది.

ఆ కథలోనే నన్ను ఎప్పుడూ కదిలించే ఘట్టం ఒకటుంది. లవకుశులు రామాయణం పాడుతుంటే రాముడు వింటాడు. సినిమాలో ఆ పిల్లలకు పి. లీల, పి. సుశీల గొంతులిచ్చారు, సంగీతం ఘంటసాలది. పాడేవాళ్లకు అది తమ తల్లి కథేనని తెలియదు. వినేవాడికి అది తన కథేనని తెలుసు. సీతను అడవికి పంపిన రోజు నుంచి రాజుగా ఆయన బాధపడటానికి చోటే లేదు. ఆ బాధ ఇప్పుడు ఇద్దరు పసివాళ్ల నోట పాటై ఎదురొచ్చింది. వాల్మీకి బాలకాండలోనే ఈ గానసభను వర్ణించాడు. పాట వింటూ వింటూ రాముడు మెల్లగా సింహాసనం దిగి సభలో అందరి మధ్యా కూర్చున్నాడని వ్యాఖ్యాతలు చెబుతారు. సింహాసనం మీద కూర్చుని ఆజ్ఞ ఇవ్వవచ్చు గాని, పాట వినడం కుదరదు. వినాలంటే దిగాలి, నలుగురిలో ఒకడు కావాలి.

మన ఆలంకారికులు దీని గురించి ఎంతో ఆలోచించారు. శోకం స్థాయిభావం, అది కావ్యంలో పండితే కరుణరసం. నిజజీవితంలో శోకం నాది, నీది, ఫలానావారిది. రంగస్థలం మీద దానికి ఆ హద్దులు పోతాయి. భట్టనాయకుడు చెప్పి, అభినవగుప్తుడు తనదైన తీరులో నిలబెట్టిన సాధారణీకరణం ఇదే. నా ఒక్కడికే ఇలా జరిగిందన్న ఊపిరాడనితనం పోయి, మనిషిగా పుట్టినవాళ్లందరికీ ఇది ఉందన్న తెలివిడి కలుగుతుంది. బాధ తగ్గదు. ఒంటరితనం తగ్గుతుంది. చాలాసార్లు మనల్ని కుంగదీసేది ఆ ఒంటరితనమే.

పాట నేర్పే విషయం ఇంకొకటుంది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ పద్యాలను ఘంటసాల పాడగా వినని ఇల్లు ఒకప్పుడు అరుదు. ఆ పద్యాలు విన్నాక పూలసజ్జతో మొక్క దగ్గరికి వెళ్లిన నా చెయ్యి ఆగిన మాట నిజం. అంత వేదన ఆ గొంతులో ఎలా పలికిందా అని చాలాకాలం ఆలోచించాను. గమనిస్తే తెలిసింది. ఆయన ఎక్కడా ఏడవలేదు. మాట చివర గొంతు సన్నబడుతుంది, ఒక్కోచోట వణికినట్టే ఉంటుంది, కానీ స్వరం ఉండవలసిన చోటే ఉంటుంది. గాయకుడు నిజంగా ఏడిస్తే శ్రుతి పోతుంది. శ్రుతి పోతే మనకు చేరవలసిన దుఃఖమూ చేరదు.

బతుకులోనూ ఇంతేననిపిస్తుంది. దుఃఖాన్ని మింగేయమని కొందరంటారు, కడుపారా ఏడ్చేయమని కొందరంటారు. ఈ రెండింటి మధ్యా మూడో దారి ఉంది. బాధ పూర్తిగా పడుతూనే శ్రుతి తప్పకుండా ఉండటం. వేళకు అన్నం తినడం, పిల్లవాడు ఏదైనా అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పడం, పొద్దున్నే ఎదురైన పాలవాడిని పలకరించడం. ఇవన్నీ ఆధారషడ్జం లాంటివి. వీటిని వదలకపోతే మనసు ఏ స్థాయికి వెళ్లినా తిరిగి రాగలదు.

అందుకే పాట వినడానికీ ఒక మేర ఉంది. రసానుభవం చివరికి విశ్రాంతినివ్వాలన్నాడు అభినవగుప్తుడు. ‘దేవదాసు’ చూసి ఎంత కుమిలినా, హాలు బయటికొచ్చాక మనసు కడిగినట్టుండాలి. అలా కాక, పాత కక్షను మళ్లీ మళ్లీ రగిలించుకోవడానికే ఒక పాట పెట్టుకుంటున్నామంటే, అది ఆపవలసిన సమయం.

పెద్ద దుఃఖాలే కాదు, రోజువారీ చిన్న చిన్న భావాలూ పాటల్లోనే బయటపడతాయి. కూర తరుగుతూనో, బస్సులో కిటికీ పక్కన కూర్చునో మనకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తాం. ఆ పాటేమిటో ఒక్కసారి పట్టించుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అంతా బాగానే ఉందని పొద్దున్నుంచీ అందరికీ చెబుతున్న మనిషి నోట విరహగీతం నలుగుతుంటుంది. విసుగ్గా ఉందనుకున్న రోజున ఏదో ఆటపాట పైకొస్తుంది. మనసు మనతో నేరుగా చెప్పలేనిది ఆ పల్లవిలో చెబుతోందన్నమాట. నా సంగతి నాకే అంతుపట్టనప్పుడు నేను ముందు చూసుకునేది అదే.

ఇంట్లో ఎవరైనా ఒకే పాటను పదేపదే వింటుంటే వేరేది పెట్టమని విసుక్కోవద్దు. ఎందుకని ఆరా తీయనూ వద్దు. చేతిలో పని పక్కన పెట్టి, దగ్గర కూర్చుని, ఆ పాట చివరిదాకా వాళ్లతో కలిసి వినాలి. చెప్పుకోవాలనిపిస్తే వాళ్లే చెబుతారు. చెప్పకపోయినా, తమ బాధను ఒక మనిషి విన్నాడన్న సంగతి వాళ్లకు తెలుస్తుంది. ఒకరికొకరం చేసుకోగల మేళ్లలో ఇంతకన్నా సులువైనదీ, ఇంతకన్నా తరచుగా మరిచిపోయేదీ నాకు కనిపించలేదు.