వాపు లేని నొప్పి

నొప్పికి సాక్ష్యం ఏమిటి? కామర్సు చదివి, మూడు దశాబ్దాలుగా బ్యాంకులో వోచర్లు సరిచూస్తున్న నాకు ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. వాచిన పాదంతో వచ్చి సెలవు అడిగితే సంతకానికి నిమిషం పట్టదు. నడుము నొప్పి అంటే, పైకి కనిపించేది ఏమీ లేకపోతే, ఏ అధికారి కలమైనా కాస్త ఆగుతుంది.

శోథానికి నాలుగు గుర్తులు ఉంటాయని రోమన్ రచయిత సెల్సస్ సుమారు రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. మొదటి మూడూ ఎదుటివాడి కంటికో చేతికో అందుతాయి. నాలుగోది పడేవాడికే తెలుసు.

దెబ్బ తగిలినచోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. అవి రక్తనాళాలను విప్పారుస్తాయి, నరాల కొసలను చిన్న తాకిడికే ఉలిక్కిపడేటట్టు చేస్తాయి. వాచిన వేలికి దుప్పటి అంచు తగిలినా విలవిల్లాడేది అందుకే. ఆస్పిరిన్ వీటి తయారీని అడ్డుకుంటుందని జాన్ వేన్ 1971లో చూపాడు.

ఇంతవరకు లెక్క సరిపోయింది. కాని వాపు తీసేశాక కూడా నొప్పి ఉండిపోవచ్చు. గాయం తర్వాత వెన్నుపాములోని నరకణాలే అతిగా స్పందించడం మొదలుపెట్టగలవని క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో చూపాడు. కుష్ఠు వ్యాధిలో ఇదే తలకిందులు: స్పర్శ పోయినవాడు పుండు పడి వాచినా ఎరగక పని చేసుకుపోతాడు. రెండూ వేర్వేరు ఖాతాలు. ఒకదాన్ని చూసి రెండోదాని నిల్వ చెప్పలేం.

మరి బూటకపు నొప్పుల మాటేమిటి అంటారా? ఉంటాయి. దొంగనోట్లు ఉన్నాయని కౌంటరు మూసెయ్యం గదా! వాపు ఉన్నవాడిది ఒక్కటే బాధ. లేనివాడికి నమ్మించుకోవలసిన బాధ అదనం. నొప్పిగా ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనానికి వివరణగా చేర్చింది.

మాటే సాక్ష్యమైతే, ముందు మాటంటూ ఉండాలి. రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రకటించిన ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే ఇంగ్లీషు మాటలు 78 ఉన్నాయి. మన ఇళ్లలో మాత్రం తక్కువా? పోటు, సలుపు, తీపు, మంట, పీకు, గుంజు. ఈ తమిళదేశంలోనే పుట్టి పెరిగిన మా అమ్మ, చీము పట్టిన వేలు "సలుపుతోంది" అనేది, నడిచి నడిచి అలసిన కాళ్లు "పీకుతున్నాయి" అనేది. ఒకటి ఇంకోచోట వాడి ఎరగదు. ఏది వాపుతో వచ్చిందో ఆ మాటే చెప్పేది.

మా వాణ్ణి, ఎలాంటి నొప్పిరా అని అడిగితే, "పెయిన్ అంటే పెయినే కదప్పా" అంటాడు.